ఇంజనీరు ఉద్యోగానికి ఆన్‌లైన్ దరఖాస్తు: పొంతన లేని ప్రశ్నలకు జవాబు రాసే పద్ధతి

పోయిన వేసవిలో ఒక ఆదివారం, రేణిగుంట వైపు ఉన్న ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరు ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్న కుర్రవాడొకడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చాడు. అప్పటికి నలభై నిమిషాలుగా నింపుతూనే ఉన్నాడట. పంపు గురించి, మోటారు గురించి, బేరింగు వేడెక్కితే ముందు ఏమి చూస్తావన్న దాని గురించి ఆ ఫారం ఒక్క ముక్కైనా అడగలేదు. మీ జాతి ఏది, మీరు చట్టరక్షణ ఉన్న మాజీ సైనికులా, మా సంస్థ గురించి మీకు ఎవరు చెప్పారు, అయిదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారు అని మాత్రం అడిగింది. "ఏందన్నా ఇది, ఉద్యోగమా, పెళ్లిచూపులా?" అన్నాడు. వాళ్ల నాన్న సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవారు కాబట్టి మాజీ సైనికుల ప్రశ్నకు 'అవును' అని టిక్ కూడా పెట్టేశాడు. అది తప్పు జవాబు. ఎందుకు తప్పో తరువాత చెబుతాను.

నేను పదిహేనేళ్లుగా మెకానికల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఈలోగా నాలుగుసార్లు ఉద్యోగం మారాను. వాటికోసం నింపిన ఫారాలకు లెక్క లేదు. ఇన్ని నింపాక నాకు తెలిసివచ్చిందేమిటంటే, పొంతన లేదనిపించే ప్రతి ప్రశ్ననూ ఎవరో ఒకరు ఏదో ఒక అవసరం కొద్దీ అక్కడ పెట్టారు. ఆ పెట్టిందెవరో పోల్చుకుంటే తప్ప జవాబు ఏమి రాయాలో తేలదు. కొన్ని సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చినవి, కొన్ని వేరే దేశపు చట్టం అడిగించేవి, కొన్ని అభ్యర్థులను జల్లెడ పట్టడానికి పెట్టినవి, కొన్ని హెచ్‌ఆర్ విభాగంలో ఎవరికో ఆసక్తి కొద్దీ పుట్టినవి, కొన్ని అచ్చమైన మోసగాళ్లవి. వీటన్నిటి మీదా ఒకే రకమైన చిరాకుతో టిక్కులు పెట్టుకుంటూ పోతే నష్టం మనకే.

ఫారం తెరవకముందు

కంప్యూటరులో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు తెరిచి, పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టుగా మీ పేరు, పుట్టిన తేదీ, హాల్ టికెట్ నంబర్లు, ఇంటర్ లేదా డిప్లొమా మార్కులు, సెమిస్టరు వారీ గ్రేడు సగటులు, చదివిన కళాశాలల పూర్తి చిరునామాలు, ప్రతి చదువూ మొదలైన నెల, ముగిసిన నెల రాసి పెట్టుకోండి. రెజ్యూమే అప్‌లోడ్ చేసిన తరువాత కూడా ఫారం మళ్లీ ఇవన్నీ అడుగుతుంది; ఎక్కువమందికి మొదట కోపం వచ్చేది అక్కడే. సాఫ్ట్‌వేరు మీ పీడీఎఫ్‌ను తనంతట తాను చదివి గడుల్లో పంచుతుంది, సరిగా చదవలేకపోయిన భాగాన్ని మీ చేత నింపిస్తుంది. రెండు నిలువు వరుసలుగా వేసిన రెజ్యూమే, పట్టికలు, నైపుణ్యానికి చుక్కలు పెట్టిన బొమ్మలు దానికి కొరుకుడు పడవు. ఒకే వరుసలో సాదాగా టైపు చేసిన రెజ్యూమే ఇస్తే సగం శ్రమ తగ్గుతుంది. అయినా అది నింపిన ప్రతి గడినీ చూసుకోవలసిందే. నా దరఖాస్తులో ఒకసారి 'శ్రీకాళహస్తి' నా పాత యజమాని పేరుగా నమోదై కూర్చుంది. పెద్ద జవాబులను కూడా ముందు ఈ ఫైలులోనే రాసుకుని అక్కడినుంచి అతికించండి, ఎందుకంటే కాసేపు కదలిక లేకపోతే చాలా ఫారాలు మనల్ని బయటికి పంపేస్తాయి, అప్పటిదాకా రాసిందీ పోతుంది.

పేరు గడి చూడడానికి చిన్నదే గాని, మన వాళ్లను అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టేది అదే. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఫారం మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతుంది. మొదట ఉన్నది మొదటి పేరే కదా అని ఇంటిపేరును అక్కడ రాస్తే, ఇంటర్వ్యూ లేఖ మీ ఇంటిపేరుకు 'డియర్' తగిలించుకుని వస్తుంది. అది నవ్వుకుని వదిలేయగల సంగతే. అయితే పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాన్ కార్డులో పొడి అక్షరం మాత్రమే ఉండి, ఫారంలో మూడో రకంగా ఉంటే, చేరబోయే ముందు మన వివరాలను సరిచూసే ఏజెన్సీ దగ్గర వ్యవహారం ఆగిపోతుంది. కాబట్టి అసలు పేరును మొదటి పేరు గడిలో, ఇంటిపేరును చివరి పేరు గడిలో, పొడి అక్షరాలు లేకుండా, మెమోలోని స్పెల్లింగుతోనే రాయండి. పాస్‌పోర్టు ఉన్నవారు అందులో ఇంటిపేరు, ఇచ్చిన పేరు ఎలా విడదీశారో దాన్నే అనుసరించాలి. నడిమి పేరు గడిని ఖాళీగా వదిలేయవచ్చు. సర్టిఫికెట్లలో లేని తండ్రి పేరును అక్కడ ఇరికించడం అనవసరమైన తలనొప్పి.

జిల్లా గడి ఇంకొక రకం. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందే జాబితాలు తయారు చేసుకున్న సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికీ చిత్తూరు మాత్రమే కనిపిస్తుంది. సత్యవేడులోనో, శ్రీకాళహస్తిలోనో చదివినవారి పాత సర్టిఫికెట్లలోనూ చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. చదువుకు, పుట్టిన ఊరికి సంబంధించిన గడుల్లో సర్టిఫికెట్‌లో ఉన్న జిల్లానే ఎంచుకోండి. ప్రస్తుత చిరునామాకు తిరుపతి దొరికితే తిరుపతి, దొరకకపోతే చిత్తూరు ఎంచుకుని, ఊరి పేరు, పిన్‌కోడు సరిగా రాస్తే చాలు. దీన్ని అబద్ధమని ఎవరూ అనరు.

మార్కుల శాతం అడిగే గడి దగ్గర మాత్రం నిదానించాలి. మన రాష్ట్రంలో కొన్నేళ్లపాటు పదో తరగతికి గ్రేడు పాయింట్లే ఇచ్చారు. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల ఆ పరీక్షలే జరగలేదు. ఫారానికి ఈ చరిత్ర తెలియదు, దానికి కావలసింది వందలోపు ఒక అంకె. డిగ్రీలో 7.6 వచ్చిన విద్యార్థిని తీసుకోండి. పదితో గుణిస్తే 76 అవుతుంది. సీబీఎస్‌ఈ ఒకప్పుడు పదో తరగతికి వాడిన 9.5తో గుణిస్తే 72.2 అవుతుంది. 6.75కు 60 శాతం, 7.75కు 70 శాతం అని సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ ఇచ్చిన పట్టిక లెక్కన అయితే 68.5 మాత్రమే. అరవైతోనో, డెబ్బైతోనో గీత గీసే సంస్థల దగ్గర ఈ తేడా ఉద్యోగాన్నే తేల్చగలదు. అందుచేత మీ విశ్వవిద్యాలయం మీ రెగ్యులేషన్‌లో, అంటే మీ బ్యాచికి వర్తించే నిబంధనల పుస్తకంలో, అచ్చు వేసిన సూత్రాన్నే వాడాలి. జేఎన్‌టీయూ అనంతపురం కింద చదివినవారు తాము ఆర్15 వారో, ఆర్19 వారో, ఆర్20 వారో చూసుకుని ఆ రెగ్యులేషన్ ప్రతిలోని ఆ పుటను దాచుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే చూపించవచ్చు. ఎక్కువ వచ్చే లెక్కను ఎంచుకోవడం తెలివి అనిపించవచ్చు గాని, పట్టుబడితే దాని పేరు తప్పుడు సమాచారం.

సప్లీల ప్రశ్నను కూడా రెండుసార్లు చదవండి. ఇప్పటికీ తప్పి మిగిలి ఉన్న సబ్జెక్టులను అడుగుతున్నారా, ఎప్పుడైనా తప్పి తరువాత గట్టెక్కినవాటిని అడుగుతున్నారా అన్నది ఒక్క పదంలో మారిపోతుంది. ఎంసెట్ ర్యాంకు అడిగితే (2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్) ఉన్నది రాసేయండి. నాలుగేళ్ల ఇంజనీరింగు చదివిన మనిషిని ఇంటర్ చివర వచ్చిన ర్యాంకుతో కొలవడం ఎందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

సముద్రం దాటి వచ్చిన ప్రశ్నలు

ఇక హవల్దారు గారి అబ్బాయి సంగతి. జాతి, మాజీ సైనికత, వైకల్యం అనే మూడు ప్రశ్నలు వరుసగా కనిపిస్తే అవి అమెరికా చట్టాల కోసం తయారైనవని గుర్తించవచ్చు. అక్కడి 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి, లింగ వివక్షను నిషేధించింది. వందమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు తమ సిబ్బంది లెక్కలను ఏటా ప్రభుత్వానికి చెప్పుకోవాలి. ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే సంస్థలకు వికలాంగుల విషయంలో 1973 నాటి చట్టం, మాజీ సైనికుల విషయంలో 1974 నాటి చట్టం ఉన్నాయి. సంస్థ ప్రపంచమంతటికీ ఒకే ఫారాన్ని వాడుకుంటే, ఆ ప్రశ్నలు ఏ మార్పూ లేకుండా రేణిగుంట ఉద్యోగానికీ వచ్చేస్తాయి. పెట్టినవారికి దురుద్దేశం లేదు, తీసేయాలన్న శ్రద్ధ మాత్రం ఎవరికీ లేదు.

ఈ మూడూ సాధారణంగా ఐచ్ఛికం. 'జవాబు ఇవ్వదలచుకోలేదు' అన్న ఎంపిక జాబితా అడుగున ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే చాలు. జవాబు ఇస్తానంటే మాత్రం రెండు గుంటలు చూసుకుని అడుగు వేయాలి. జాతుల జాబితాలో 'అమెరికన్ ఇండియన్' అన్న మాట చూసి, అమెరికా కంపెనీలో ఇండియన్ కాబట్టి అదే తనది అనుకుని టిక్ పెట్టినవారిని ముగ్గురిని చూశాను. ఆ మాటకు అర్థం అమెరికా ఖండాల ఆదివాసులు. భారత ఉపఖండం వారు ఆ వర్గీకరణలో 'ఏషియన్' కిందికి వస్తారు. రెండో గుంట, మాజీ సైనికుడు అన్న మాట: అక్కడ అడిగేది అమెరికా సైన్యంలో పనిచేసిన అభ్యర్థి గురించే గాని, భారత సైన్యంలో పనిచేసిన తండ్రి గురించి కాదు. మా కుర్రవాడి టిక్కు తీయించాం. వైకల్యం సంగతి కొంచెం వేరు. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. రాత పరీక్షకు అదనపు సమయమో, ఇంటర్వ్యూకు మెట్లు లేని గదో అవసరమైనవారు ఆ విషయాన్ని అమెరికా గడిలో కాకుండా, ఇంటర్వ్యూ ఖరారైన తరువాత నేరుగా మెయిల్‌లో అడగడం మంచిది. ఆ గడిలోని జవాబు లెక్కలకు వెళుతుంది. ఇంటర్వ్యూ ఏర్పాట్లు చూసేవారికి చేరుతుందన్న భరోసా లేదు.

ఈ గుంపులోనే కనిపించే మరో రెండు రకాల ప్రశ్నలను మాత్రం ఐచ్ఛికమనుకుని వదిలేయకూడదు. 'ఉద్యోగం ఉన్న దేశంలో పనిచేయడానికి మీకు చట్టబద్ధమైన హక్కు ఉందా' అని అడిగితే, ఉద్యోగం సత్యవేడు దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీలోనో, చిత్తూరులోనో అయినప్పుడు భారత పౌరుడి జవాబు 'ఉంది'. 'వీసాకు మా సాయం కావాలా' అంటే 'అక్కరలేదు'. అమెరికా అన్న భ్రమలో వీటిని తిరగేసి నింపితే కంప్యూటరే దరఖాస్తును పక్కన పెట్టేస్తుంది, మనిషి కంటబడనే పడదు. రెండో రకం పౌరసత్వం గురించిన ప్రశ్న. విమాన, రక్షణ, సెమీకండక్టర్ రంగాల్లో ఇది తరచుగా వస్తుంది. ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా, సిరియా పేర్లు చూసి కొందరు భయపడతారు. అమెరికా ఎగుమతి నిబంధనల్లో, నియంత్రణలో ఉన్న సాంకేతిక డ్రాయింగును విదేశీ పౌరుడికి చూపించడమే ఎగుమతి కిందికి వస్తుంది. ఆ ప్రశ్న ఇంజనీరు పనికి నిజంగా సంబంధించినదే, నిజం రాసి ముందుకు వెళ్లండి.

జల్లెడ ప్రశ్నలు

అవును, కాదు అని మాత్రమే జవాబుండి, పక్కన ఎర్ర నక్షత్రం గుర్తున్న ప్రశ్న చాలావరకు జల్లెడ. ఉద్యోగంతో సంబంధం లేనట్టు కనిపించినా ఫారం మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. చిత్తూరు నుంచి నాకు తెలిసిన ఒక అబ్బాయి శ్రీసిటీలోని ఒక ఉద్యోగానికి రాత్రి పదకొండింటికి దరఖాస్తు పంపాడు; రెండు నిమిషాల్లో తిరస్కరిస్తున్నట్టు మెయిల్ వచ్చింది. 'మకాం మార్చడానికి సిద్ధమా' అన్న దానికి అతడు 'కాదు' అని పెట్టాడు. అతడి ఉద్దేశం, తిరుపతిలో పిన్నమ్మ వాళ్లింట్లో ఉండి రోజూ బస్సులో వెళ్లివస్తాను, మకాం మార్చే అవసరమే లేదు అని. ఫారానికి ఆ ఉద్దేశాలు పట్టవు. ఆ ప్రశ్నకు అర్థం, చెప్పిన చోటికి చెప్పిన వేళకు వచ్చి పనిచేయగలరా అన్నదే. రాగలిగితే 'అవును'. షిఫ్టుల ప్రశ్నను, సర్వీసు బాండు (ఇన్నేళ్లు పనిచేస్తాను, ముందే మానేస్తే ఇంత కడతాను అన్న ఒప్పందం) ప్రశ్నను కూడా ఇలాగే వాటి వెనుక ఉన్న అవసరాన్ని బట్టి చదవాలి, కాకపోతే బాండుకు ఒప్పుకునే ముందు ఎన్నేళ్లు, ఎంత మొత్తం అన్నది ఎక్కడైనా రాశారేమో వెతకండి. రాయకపోతే ఇంటర్వ్యూలో మొదట అడగవలసింది అదే.

అప్పుడే చదువు ముగించినవారిని ప్రస్తుత జీతం ఎంత, నోటీసు గడువు ఎన్ని రోజులు అని అడగడం ఆ ఫారాన్ని అనుభవజ్ఞుల కోసం తయారు చేసి కొత్తవారికీ అదే పంచడం వల్ల. రెండింటిలోనూ సున్నా వేయండి. గడి సున్నాను ఒప్పుకోకపోతే ఒకటి వేసి, అదనపు సమాచారం రాసే చోట 'కొత్తగా చదువు ముగించాను, ప్రస్తుత జీతం లేదు' అని రాయండి. కోపంతో వరుసగా తొమ్మిదులు కొట్టినవారి దరఖాస్తు జీతం ఎక్కువైందన్న కారణంతో రాలిపోగలదు. అనుభవాన్ని నెలల్లో అడిగితే ఇంటర్న్‌షిప్‌ను లెక్కలోకి తీసుకోవచ్చో లేదో ప్రకటనలో చూడండి. ఏళ్లలో అడిగితే కిందికి సర్దండి, పైకి వద్దు.

ఇంటి విషయాలు, గుర్తింపు కార్డులు

తండ్రి వృత్తి, కులం, పెళ్లి, తోబుట్టువుల సంఖ్య, రక్తం గ్రూపు. ప్రభుత్వ ఉద్యోగమైతే కులం అడగడం న్యాయమే, రిజర్వేషను దాని మీదే ఆధారపడుతుంది. నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివారన్నది స్థానికత కోసం. ప్రైవేటు సంస్థకు కులంతో పని లేదు. స్థానికులా అన్న ప్రశ్నకు మాత్రం కారణం ఉండవచ్చు: పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలంటూ మన రాష్ట్రం 2019లో చట్టం చేసింది. మిగతా ఇంటి విషయాల్లో నక్షత్రం గుర్తు లేని గడులను ఖాళీగా వదిలేయండి, ఉన్నవాటిలో 'చెప్పదలచుకోలేదు' అన్న ఎంపిక వెతకండి, అదీ లేకపోతే 'ఉద్యోగానికి ఎంపికైతే తెలియజేస్తాను' అని రాయండి. ఈ వాక్యం ఎవరినీ నొప్పించదు, నా అనుభవంలో ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు.

ఆడపిల్లలను పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అని అడిగే ఫారాలను నేను ఇంతకంటే గట్టిగానే తప్పుపడతాను. నియామకాల్లో స్త్రీల పట్ల వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. మా మేనకోడలికి అలాంటి గడి ఎదురైతే పైన చెప్పిన వాక్యాన్నే రాసి పంపింది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఉద్యోగానికి షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష అడగడాన్ని కూడా 2017 నాటి చట్టం నిషేధిస్తుంది. సమ్మతి తీసుకున్నా, చెప్పిన పనికి అవసరమైన వివరాల మేరకే అది చెల్లుతుందన్నది 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని సూత్రం. వైద్య సలహా ఇచ్చే యాప్ ఫోనులోని పరిచయస్తుల జాబితా అడగడాన్ని ఆ చట్టమే ఉదాహరణగా చూపింది.

ఆధార్ నంబరును దరఖాస్తు దశలోనే ఇవ్వవలసిన పని లేదు. ప్రైవేటు సంస్థలు ఒప్పందం పేరుతో ఆధార్‌ను వాడుకునే వీలును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టివేసింది. చేరిన తరువాత పీఎఫ్ ఖాతాకు అది కావాలి, అప్పుడు ఇద్దాం. ఫారం గుర్తింపు పత్రాన్ని తప్పనిసరి చేస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను దించుకుని జతచేయండి. బ్యాంకు ఖాతా, ఓటీపీ, రిజిస్ట్రేషను రుసుము, తిరిగి ఇస్తామనే డిపాజిట్టు అడిగిన క్షణాన అది దరఖాస్తు కాదని తెలుసుకుని కిటికీ మూసేయండి. టీటీడీ ఉద్యోగాల పేరుతో జరిగే మోసాల గురించి దేవస్థానమే పలుమార్లు హెచ్చరించింది. రేణిగుంట విమానాశ్రయంలో ఉద్యోగమంటూ డబ్బు అడిగినా అదే కథ. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

వ్యాసాలు, మనస్తత్వ పరీక్షలు

'మా సంస్థే ఎందుకు', 'మీరు ఎదుర్కొన్న సవాలు' వంటివాటికి మూడు పేరాలు ముందే రాసి ఫైలులో పెట్టుకోండి: చేసిన ప్రాజెక్టు, అందులో చెడిపోయింది, దాన్ని చక్కదిద్దిన తీరు. సంస్థ పేరు, అది తయారు చేసే వస్తువు మాత్రం ప్రతిసారీ మార్చాలి. ఎయిర్ కండిషనర్ల కంపెనీకి బ్యాటరీల మీద మక్కువ ప్రకటించిన దరఖాస్తు ఒకటి నేనే పంపాను. 'నేను ఎన్నడూ అబద్ధమాడలేదు' అన్న తరహా ప్రశ్నలు మాటల నిలకడను చూడడానికి పెట్టినవి. అదే సంగతిని వేరే మాటల్లో మళ్లీ అడుగుతారు కాబట్టి మంచివాళ్లుగా కనబడే ప్రయత్నం మాని మామూలుగా టిక్ పెట్టండి.

ఒక ఫారానికి ఇరవై అయిదు నిమిషాలు మించితే నేను ఆపేస్తాను, మీకూ అదే చెబుతాను. అంతసేపట్లో అది మీ ఇంజనీరింగు గురించి ఏమీ అడగలేదంటే వేరే దారి వెతకడం మేలు: ఆ సంస్థలో పనిచేస్తున్న కళాశాల సీనియరుకు రెజ్యూమే పంపడం, వాక్-ఇన్ ప్రకటనలు చూడడం, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ నిర్వహించే జాబ్ మేళాలకు వెళ్లడం, కొత్త పట్టభద్రులైతే కేంద్రప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావడం. మేళాలో ఎదురుగా కూర్చున్న మనిషి రెజ్యూమే మీద ఉన్నదే అడుగుతాడు.

పంపించే ముందు చివరి పుటలో సారాంశం చూపిస్తే ప్రతి పుటకూ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, దరఖాస్తు నంబరు, అడిగిన జీతం అదే టెక్స్ట్ ఫైలులో రాసుకోండి. ఇంటర్వ్యూ చేసేవారి ముందు ఉండేది మీ రెజ్యూమే ఒక్కటే కాదు, ఈ జవాబులు కూడా. మా కుర్రవాడిని రెండు నెలల తరువాత పిలిచారు. మీ నాన్నగారు సైన్యంలో చేశారా అని అడిగారట, ఫారంలో కాదు, టీ తాగుతూ. ఆ తరువాత కూలింగ్ వాటర్ పంపులో క్యావిటేషన్ (ఆవిరి బుడగలు పుట్టి, పగిలి పంపును దెబ్బతీయడం) గురించి ముప్పావుగంట ప్రశ్నలు వేశారు.